లేత్ దగ్గర: పార్టింగ్ టూలు ఎందుకు విరుగుతోంది?

బెజవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి టర్నర్‌గా పనిచేసి, ఇప్పుడు కానూరులో ఇంటి వెనక షెడ్డులో చిన్న లేత్ (లోహపు రాడ్‌ని తిప్పుతూ చెక్కే మిషన్) పెట్టుకున్న మా మేస్త్రి పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా పార్టింగ్ (తిరిగే రాడ్‌ని సన్నటి టూలుతో అడ్డంగా కోసి ముక్క వేరు చేయడం) గురించే కాబట్టి మిగతావి వచ్చే సంచికకు ఆపాం.

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను బ్యాంకు ఉద్యోగిని. సరదా కొద్దీ పోయినేడు 7×14 అంగుళాల బెంచ్ లేత్ కొన్నాను. టర్నింగ్ (రాడ్ చుట్టూ చెక్కడం), ఫేసింగ్ (చివర ముఖం చదును చేయడం) బాగానే వస్తున్నాయి. పార్టింగ్ అంటేనే టెన్షన్. ముందు 12 మిల్లీల షాంక్ (బిగించే కాడ) ఉన్న బ్లేడు హోల్డరు తెప్పించాను. టూల్ పోస్టులో (లేత్ మీద టూలు బిగించే పట్టు) పెడితే ముక్కు సెంటరు (రాడ్ తిరిగే నడిమి గీత) దాటి పైకి పోయింది. తర్వాత చిన్న హోల్డరు, 2 మిల్లీల హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) బ్లేడు కొన్నాను. 20 మిల్లీల ఎంఎస్ (మైల్డ్ స్టీలు) రాడ్‌లో నాలుగైదు మిల్లీలు దిగేసరికి కీచుమని అరుస్తుంది, తర్వాత టక్కున పట్టేసి మోటారు ఆగిపోతుంది. మొన్న బ్లేడు విరిగింది. నాసిరకం టూలు అంటగట్టారా? కార్బైడ్ కొనమంటారా?
— గుణదల, విజయవాడ

జవాబు: మీ ఉత్తరంలో టూలు గురించి చాలా రాశారు, అది కూర్చున్న చోటు గురించి ఒక్క ముక్క రాయలేదు. విరిగేది బ్లేడే, కానీ విరగ్గొట్టేది దాని కింద ఉన్న వదులు. కార్బైడ్ సంగతి చివర్న చూద్దాం, అప్పటిదాకా డబ్బు జేబులోనే ఉంచండి.

మామూలు టర్నింగ్ టూలుకి ఒక పక్క అంతా ఖాళీ. తురుము అటు పోతుంది. టూలు కాస్త కదిలినా జాబ్ (కోసే రాడ్) మీద గీత పడుతుంది, అంతకు మించి ఏమీ కాదు. పార్టింగ్ టూలు తను తవ్వుకున్న సందులోకే తను దిగాలి. రెండు పక్కలా గోడలు. తురుము వెనక్కి తన్నుకుంటూ రావాల్సిందే, వేరే దారి లేదు. పైగా బ్లేడు సన్నం, పొడుగు.

ఇప్పుడు ఆ టక్ సంగతి. జాబ్ తిరుగుతూ టూలు ముక్కుని కిందికి నొక్కుతుంది. కాంపౌండ్ స్లైడ్‌లో (టూల్ పోస్టు కింద ఉండే పై చిన్న స్లైడ్) వదులుంటే టూల్ పోస్టు మొత్తం జాబ్ వైపు ఒరుగుతుంది. అది ఒరిగే ఇరుసు ముక్కు కంటే కిందా, మీ వైపూ ఉంటుంది. అందుకని ముక్కు కిందికి పోతూనే ముందుకు కూడా పోయి జాబ్‌లోకి చొచ్చుకుంటుంది. అంటే మీరు హ్యాండిల్ తిప్పకుండానే ఫీడ్ (టూలు జాబ్‌లోకి దిగే వేగం) పెరిగింది. ఫీడ్ పెరిగితే తురుము మందమవుతుంది, దాంతో కిందికి నొక్కుడు ఎక్కువవుతుంది, ఇంకా ఒరుగుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. మోటారుకి బలముంటే బ్లేడు విరుగుతుంది, లేకపోతే మోటారు ఆగుతుంది. మీకు రెండూ జరిగాయి.

ఆటోనగర్‌లో లారీ షాఫ్టుల పని చేసే లేత్‌లు బటాలావో రాజ్‌కోట్‌వో, టన్నుల్లో తూగుతాయి. వాటి మీద మేం పార్టింగ్ పెట్టి టీ తాగుతూ నిలబడేవాళ్లం. మీ మిషన్ 40 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తి బల్ల మీద పెట్టేది. అది చెడ్డ మిషన్ అనడం లేదు, కానీ దాని దగ్గర ఉన్న కాస్త గట్టితనాన్నీ వదులు స్క్రూలకు పారబోసుకోకూడదు.

ముందు ఎత్తు. మీ మొదటి హోల్డరు ఎందుకు కూర్చోలేదో చూద్దాం. టెయిల్ స్టాక్‌లో (లేత్ కుడి చివరి భాగం) డెడ్ సెంటరు (మొన ఉన్న కడ్డీ) పెట్టండి. టూల్ పోస్టుని దాని దగ్గరికి తెచ్చి, టూలు కూర్చునే గాడి అడుగు నుంచి సెంటరు మొన దాకా ఎంత ఎత్తుందో కొలవండి. హోల్డరు అడుగు నుంచి బ్లేడు ముక్కు దాకా ఉన్న ఎత్తు దానికంటే తక్కువే ఉండాలి. తక్కువైతే కింద షిమ్‌లు (పలచటి రేకులు) పెట్టి లేపుకుంటాం, ఎక్కువైతే చేసేదేం లేదు. కొనేముందు చూడాల్సిన కొలత ఇదే. షాంక్ 12 మిల్లీలా 10 మిల్లీలా అన్నది దుకాణం వాడు చెబుతాడు, మీ మిషన్ గాడి లోతు వాడికేం తెలుసు? ఆ 12 మిల్లీల హోల్డరు పారేయకండి. మిల్లింగ్ షాపులో ఇచ్చి అడుగు భాగం మీకు కావాల్సినంత దింపించుకోవచ్చు. బ్లేడు పైభాగం గ్రైండ్ చేసి ఎత్తు తగ్గిద్దామని మాత్రం చూడకండి. కొన్ని బ్లేడ్లకి పైన వెడల్పు, కింద సన్నం ఉంటుంది. ఆ పై వెడల్పే కిందిభాగం గోడలకి రాసుకోకుండా కాపాడేది. అది అరిగిపోతే బ్లేడు పనికిరాదు. ఎత్తు స్క్రూతో మార్చుకునే క్విక్ ఛేంజ్ టూల్ పోస్టు కొనగలిగితే ఈ షిమ్‌ల గోలే ఉండదు. ఈ చిన్న లేత్‌కి నేను మొదట కొనమని చెప్పే వస్తువు అదే.

ఎత్తు సరిపోయిందో లేదో చూడటానికి ఆరంగుళాల స్టీలు స్కేలు చాలు. చక్‌లో (జాబ్‌ని పట్టి తిప్పే దవడలు) నున్నటి గుండ్రటి రాడ్ పట్టండి. మిషన్ ఆపి ఉంచి, రాడ్‌కీ టూలు ముక్కుకీ మధ్య స్కేలుని నిలువుగా పెట్టి, స్కేలు పడిపోకుండా ఉండేంత మెల్లగా క్రాస్ స్లైడ్‌తో (టూలుని జాబ్ వైపు అడ్డంగా నడిపే స్లైడ్) నొక్కండి. స్కేలు నిటారుగా నిలబడితే ముక్కు సెంటరు మీద ఉన్నట్టు. స్కేలు పై చివర మీ వైపు వాలితే టూలు కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. ముక్కు పైకి ఉంటే అంచు కోయదు, దాని కింద ఉన్న వీపు రాసుకుంటుంది, మీరు ఇంకా బలంగా తోస్తారు. కిందికి ఉంటే చివర్న మధ్యలో చిన్న బుడిపె మిగిలిపోతుంది, జాబ్ టూలు మీదకెక్కడానికి చూస్తుంది. పదో వంతు మిల్లీ అటూ ఇటూ ఉన్నా నడుస్తుంది, అరమిల్లీ తేడా ఉంటే నడవదు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కొన్ని హోల్డర్లలో బ్లేడు వాలుగా కూర్చుంటుంది, ముక్కు వైపు కాస్త పైకి లేచి. అలాంటి దాంట్లో బ్లేడుని బయటికి లాగితే ముక్కు పొడవుతో పాటు ఎత్తు కూడా మారిపోతుంది. పదును పెట్టి మళ్లీ బిగించినప్పుడల్లా స్కేలు పరీక్ష చేయాలి. నిన్న బాగా కోసింది, ఇవాళ ఏమొచ్చింది అని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి వచ్చింది ఇదే.

రెండోది, బ్లేడు జాబ్ పొడవుకి సరిగ్గా లంబంగా ఉండాలి... ఈ లంబం మాట పుస్తకాల్లోది, మన భాషలో చెబుతాను. బ్లేడు క్రాస్ స్లైడ్ నడిచే దారిలోనే నడవాలి. ముక్కు కాస్త ఎడమకో కుడికో తిరిగి ఉంటే, నాలుగైదు మిల్లీలు దిగేవరకు ఏమీ తెలియదు. అక్కడి నుంచి పక్కగోడకి రాసుకోవడం మొదలవుతుంది. మీ కీచుడు సరిగ్గా ఆ లోతులోనే మొదలైందని రాశారు కాబట్టి నా అనుమానం దీని మీదే ఎక్కువ. కళ్లతో చూసి సరిచేయడం మానండి. డయల్ గేజ్ (చిన్న కదలికని సూదితో చూపే కొలత పరికరం) ఉంటే దాన్ని లేత్ బెడ్ మీద నిలబెట్టి, దాని కొస బ్లేడు పక్కకి ఆనించి, క్రాస్ స్లైడ్ ముందుకీ వెనక్కీ నడపండి. బ్లేడు ఉన్నంత పొడవునా సూది కదలకపోతే సరే. గేజ్ లేకపోతే, ఒక రాడ్ ముక్కని అప్పుడే ఫేసింగ్ చేసి, ఆ నున్నటి ముఖానికి బ్లేడు పక్కని ఆనించి వెనకాల తెల్లకాగితం పెట్టి వెలుతురు చూడండి. సందు సమంగా ఉండాలి. బ్లేడు నిలువులో కూడా ఒరగకూడదు. హోల్డరు కింద షిమ్ ఒక పక్కే దూరి ఉంటే ఒరుగుతుంది. కాగితం మడతలు, అగ్గిపెట్టె అట్టలు షిమ్‌లుగా వాడేవాళ్లని చూశాను. అవి నలుగుతాయి. పలచటి ఇత్తడి రేకో పాత ఫీలర్ గేజ్ ఆకులో వాడండి.

మూడోది, బ్లేడు ఎంత బయటికి ఉండాలి. జాబ్ వ్యాసంలో సగం, పైన రెండు మూడు మిల్లీలు. మీ 20 మిల్లీల రాడ్‌కి 12, 13 మిల్లీలు బయటికి ఉంటే చాలు. హోల్డరు కొన్నప్పుడు పాతిక ముప్ఫై మిల్లీలు బయటికి ఉండేలా పెట్టి ఇస్తారు. అలాగే వాడేస్తారు జనం. కోత కూడా చక్ దవడలకి వీలైనంత దగ్గరగా పడాలి. దూరంగా కోస్తే రాడ్ కూడా వంగుతుంది. టెయిల్ స్టాక్ సెంటరు ఆనించి చివరిదాకా కోయకూడదు. అటు తోపుడు, ఇటు తెగుడు, చివర్న సందు మూసుకుపోయి బ్లేడుని కరుచుకుంటుంది.

ఇక వదులు. క్యారేజ్ (స్లైడ్లన్నిటినీ మోస్తూ బెడ్ మీద నడిచే భాగం) కోత మధ్యలో పక్కకి కదలకూడదు, లాక్ స్క్రూ ఉంటే బిగించండి. క్రాస్ స్లైడ్, కాంపౌండ్ స్లైడ్ రెండిటికీ పక్కన వదులు తగ్గించే చిన్న చిన్న గిబ్ స్క్రూలుంటాయి. టూల్ పోస్టు పట్టుకుని అటూ ఇటూ ఊపితే చేతికే తెలుస్తుంది. క్రాస్ స్లైడ్ కొంచెం బిగువుగా నడిచేలా, కాంపౌండ్ అసలు కదలకుండా బిగించండి. పార్టింగ్‌కి కాంపౌండ్ అక్కర్లేదు. వదులు కాంపౌండ్ మీద పార్టింగ్ చేయడమంటే కుంటి కుర్చీ ఎక్కి గోడకి మేకు కొట్టడమే. ఈ సైజు లేత్‌లు వాడే చాలామంది కాంపౌండ్ స్లైడ్ మొత్తం తీసేసి దాని స్థానంలో అదే ఎత్తున్న ఇనుప దిమ్మ ఒకటి చేయించుకుని, దాని మీద టూల్ పోస్టు బిగిస్తారు. థ్రెడ్డింగ్‌కో టేపర్‌కో అవసరమైనప్పుడే కాంపౌండ్ మళ్లీ పెడతారు. నా షెడ్డులో ఉన్న మిషన్‌కి కూడా దిమ్మే ఉంది. పార్టింగ్‌లో అరుపు సగానికి సగం దాంతోనే పోయింది.

స్పీడు లెక్క మామూలుదే. మీటర్లలో కోత వేగాన్ని 1000తో గుణించి, 3.14నీ వ్యాసాన్నీ గుణించిన దానితో భాగించాలి. ఎంఎస్‌ని హెచ్‌ఎస్‌ఎస్‌తో టర్నింగ్‌కి నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే, పార్టింగ్‌కి అందులో సగం, 12 తీసుకోండి. 20 మిల్లీల రాడ్‌కి 190 ఆర్‌పీఎం వస్తుంది. 10 మిల్లీలకి 380. మీ లేత్‌కి హై, లో గేర్లుంటే తప్పనిసరిగా లో పెట్టండి. ఈ డీసీ మోటార్లు హై గేర్‌లో పెట్టి నాబ్ తగ్గిస్తే స్పీడుతో పాటు బలం కూడా పోతుంది.

ఫీడ్ గురించి. భయంతో టూలుని తాకించి, ఆపి, మళ్లీ తాకిస్తుంటారు. ఆగిన ప్రతిసారీ అంచు కోయకుండా రాసుకుంటుంది, అరుపు అక్కడే పుడుతుంది. చుట్టుకి 0.03 మిల్లీ చొప్పున ఆగకుండా తిప్పండి. 190 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 6 మిల్లీలు కూడా రాదు, అంటే మీ రాడ్ సెంటరు చేరడానికి రెండు నిమిషాల దాకా పడుతుంది. ఓపిక కావాలి, కానీ ఆగకూడదు. అరుపు వస్తే అందరూ ఫీడ్ తగ్గిస్తారు. స్పీడు తగ్గించి ఫీడ్ కొంచెం పెంచి చూడండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది. లోతు పెరిగాక టూలు వెనక్కి తీసి, పక్కకి అరమిల్లీ జరిపి, సందుని కాస్త వెడల్పు చేసి మళ్లీ మొదటి చోటికి వచ్చి దిగండి. తురుముకి చోటు దొరుకుతుంది.

ఇక కార్బైడ్. ఎంజీఎంఎన్ రకం ఇన్సర్ట్‌లు (హోల్డరు కొసన బిగించే చిన్న కార్బైడ్ ముక్కలు) 1.5 మిల్లీలవీ, 2 మిల్లీలవీ దొరుకుతున్నాయి. వాటిలో ఒక మంచి గుణం ఉంది. ముక్కు మీద ఉన్న పల్లం తురుముని మడిచి, కోసిన సందు కంటే సన్నంగా చేసి బయటికి పంపుతుంది. చదునుగా ఉన్న హెచ్‌ఎస్‌ఎస్ బ్లేడుకి ఆ వీలు లేదు, తురుము సందంత వెడల్పుగానే వచ్చి ఇరుక్కుంటుంది. అందువల్ల సరిగ్గా బిగించిన చిన్న లేత్ మీద 2 మిల్లీల ఇన్సర్ట్ చక్కగా కోస్తుంది. 3 మిల్లీలది మీ మిషన్‌కి వద్దు, కోత వెడల్పు పెరిగిన కొద్దీ బలం కావాలి. కానీ మోటారు మధ్యలో ఆగిందంటే హెచ్‌ఎస్‌ఎస్ మొద్దుబారి ఊరుకుంటుంది, కార్బైడ్ అంచు రాలిపోతుంది. వదులు సరిచేయకుండా కార్బైడ్ కొంటే, విరిగే వస్తువు ఖరీదు పెరుగుతుంది, అంతే.

ప్రశ్న: గురువు గారూ, నేను ఐటీఐ టర్నర్ రెండో ఏడు చదువుతున్నాను. పార్టింగ్ టూలుని తిరగేసి, లేత్ వెనక వైపు పెడితే అసలు పట్టేయదని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా? చక్‌ని రివర్సులో తిప్పి ముందు వైపే తిరగేసి పెట్టినా అంతేనా?
— గుంటూరు

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజమే నాయనా, కానీ "అసలు" అన్న మాట తీసేయాలి. తక్కువ పట్టేస్తుంది.

పై జవాబులో రాసిన ఇరుసు సంగతి మళ్లీ చదువు. క్రాస్ స్లైడ్ వెనక అంచున ఇంకో టూల్ పోస్టు బిగించి, అందులో బ్లేడుని పదును కిందికి ఉండేలా తిరగేసి పెట్టావనుకో. చక్ మామూలు దిక్కులోనే తిరుగుతుంది. వెనక వైపు జాబ్ కింది నుంచి పైకి వస్తుంది కాబట్టి ముక్కుని పైకి ఎత్తుతుంది. పోస్టు ఒరిగినా ముక్కు పైకీ వెనక్కీ పోతుంది, అంటే జాబ్ నుంచి దూరంగా. వదులు ఉన్నా ఫీడ్ పెరగదు, తగ్గుతుంది. ఇంకో లాభం, తురుము తనంతట తనే కిందికి రాలిపోతుంది, సందులో కూర్చోదు. కూలెంట్ (కోతని చల్లబరిచే ద్రవం) మాత్రం పైనుంచి పోస్తే అంచు దాకా చేరడం కొంచెం కష్టం.

క్రాస్ స్లైడ్ పొడుగ్గా, టీ స్లాట్‌లతో (బోల్టులు దూరే గాళ్లు) ఉంటే వెనక పోస్టు సులువు. చిన్న బెంచ్ లేత్‌ల స్లైడ్ పొట్టిగా ఉంటుంది, దానికి రంధ్రాలు వేసి మరలు పెట్టాలి. చేయకముందు కింద క్రాస్ స్లైడ్ స్క్రూ ఎక్కడ నడుస్తుందో చూసుకో.

రివర్సు సంగతి. చక్ వెనక మూడు బోల్టులతో స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) ఫ్లాంజ్‌కి బిగించి ఉంటే రివర్సులో పార్టింగ్ చేయొచ్చు. చక్ స్పిండిల్ మీద మరతో ఎక్కేది అయితే ఆ ఆలోచనే వద్దు. టూలు పట్టేసిన క్షణంలో స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది, చక్ ఆగుతుంది, మర విప్పుకుని చక్ ఒళ్లోకి వస్తుంది. ఐటీఐలో ఉన్న మిషన్ ఏ రకమో మీ ఇన్‌స్ట్రక్టర్ని అడిగి, ఆయన ఎదురుగా మాత్రమే చెయ్.

ప్రశ్న: నమస్కారమండీ. పాత చెక్క బీరువాలకి ఇత్తడి గుబ్బలు నేనే లేత్ మీద చేసి పెడుతుంటాను. 15 మిల్లీల ఇత్తడి రాడ్. కోసి తీసిన ప్రతి గుబ్బ వెనకా మధ్యలో చిన్న మొన మిగులుతోంది. పైగా తెగినప్పుడు ఎగిరి ఎక్కడో పడి గీతలు పడుతున్నాయి.
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: చాలా సంతోషం అమ్మా, ఇత్తడితో మొదలుపెట్టినవాళ్లకి పార్టింగ్ మీద ప్రేమ నిలుస్తుంది.

మొన ఎందుకంటే, ముక్కు సూటిగా ఉన్నప్పుడు కోత పూర్తిగా సెంటరు చేరకముందే గుబ్బ బరువుకి ఆ సన్నటి మెడ తెగిపోతుంది. మెడ గుబ్బ వైపు మిగిలితే మొన. ముక్కుని కొంచెం ఏటవాలుగా గ్రైండ్ చేయండి, గుబ్బ వైపు ఉన్న మూల ముందుకి, చక్ వైపు మూల వెనక్కి. ముందున్న మూల గుబ్బని ముందే నున్నగా తెంపేస్తుంది, మొన రాడ్ వైపు ఉండిపోతుంది. ఏటవాలు చాలా కొంచెమే ఉండాలి. ఎక్కువైతే బ్లేడు పక్కకి నడుస్తుంది, కోసిన ముఖం గిన్నెలా పల్లంగానో ఉబ్బుగానో వస్తుంది. మీ 15 మిల్లీల రాడ్‌కి పర్వాలేదు. ఇంకా లావు వాటికి ముక్కు సూటిగానే ఉంచి, తర్వాత గుబ్బని తిప్పి పట్టి వెనక ముఖం ఫేసింగ్ చేసుకోవడం మేలు. గుబ్బ వెనక స్క్రూకి ఎలాగూ రంధ్రం వేస్తారు కదా. స్క్రూ గుబ్బని ముందు నుంచి వెనక దాకా దాటే రకమైతే, ఆ రంధ్రం కోతకి ముందే, రాడ్ చివరనుంచి డ్రిల్ చేసేస్తే ఇంకా మంచిది. మధ్యలో లోహమే లేనప్పుడు మొన ఎక్కడిది?

ఆ రంధ్రం ఉంటే ఎగిరిపడే బాధా తీరుతుంది. టెయిల్ స్టాక్ డ్రిల్ చక్‌లో రంధ్రం కంటే సన్నటి కడ్డీ ఒకటి పట్టి, దాన్ని రంధ్రంలోకి వదులుగా దూర్చి ఉంచండి. తెగిన గుబ్బ కడ్డీ మీద వేలాడుతుంది. చేత్తో పట్టుకోవాలని మాత్రం చూడకండి.

ఇత్తడికి టూలు పైముఖం చదునుగా ఉండాలి, వెనక్కి వాలు అక్కర్లేదు. వాలు ఉంటే ఇత్తడి టూలుని లోపలికి లాక్కుంటుంది. కూలెంట్ వద్దు, పొడిగానే కోయండి. స్పీడు ఎంఎస్ కంటే రెట్టింపు పైనే పెట్టొచ్చు, 15 మిల్లీలకి 600 ఆర్‌పీఎం దాకా. ఇత్తడి తురుము సూదుల్లా చిమ్ముతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. చీర కొంగు, చున్నీ, గాజులు, జడ చక్ దగ్గరికి రాకుండా చూసుకోండి. చేతికి గ్లవ్స్ వేసుకుంటే సేఫ్ అనుకుంటారు. తిరిగే లేత్ దగ్గర గ్లవ్స్ అంత ప్రమాదం ఇంకోటి లేదు, కొస అందితే చేతిని లాగేస్తుంది.

ప్రశ్న: పాత హాక్సా బ్లేడుతో పార్టింగ్ టూలు చేసుకోవచ్చంటారు. ఎలా?
— మంగళగిరి

జవాబు: చేతి హాక్సా బ్లేడుతో కాదు, అది ముప్పావు మిల్లీ మందం కూడా ఉండదు. పలచటి ఇత్తడి గొట్టాలు కోయడానికి తప్ప పనికిరాదు. పవర్ హాక్సా బ్లేడు కావాలి. ఒకటిన్నర, రెండు మిల్లీల మందం ఉంటుంది. మా ఆటోనగర్ టర్నర్లు ఇప్పటికీ వీటితోనే కానిచ్చేస్తుంటారు, కొన్న బ్లేడు చూసి నవ్వుతారు కూడా.

ముందు అది ఏ స్టీలో తెలుసుకోవాలి. గ్రైండింగ్ వీల్‌కి ఆనించండి. ముదురు ఎరుపు రంగులో, పొట్టిగా, పూలు విచ్చుకోకుండా రవ్వలు వస్తే హెచ్‌ఎస్‌ఎస్. తెల్లగా, చిటపటమంటూ చీలే రవ్వలొస్తే కార్బన్ స్టీలు. పళ్ల దగ్గరా, వీపు దగ్గరా రెండు చోట్లా చూడండి. బై మెటల్ బ్లేడ్లలో పళ్ల అంచు మాత్రమే హెచ్‌ఎస్‌ఎస్, మిగతాది మామూలు స్టీలు. అది మనకి పనికిరాదు.

పళ్లు గ్రైండ్ చేసి తీసేయండి. ముక్కు ముందు భాగం కిందికి 7, 8 డిగ్రీల వాలు. రెండు పక్కలూ పైనుంచి కిందికీ, ముందునుంచి వెనక్కీ చూస్తే ఒక్కో డిగ్రీ సన్నబడాలి. ఇది చేయకపోతే బ్లేడు గోడలకి రాసుకుంటుంది, అంత శ్రమా వృథా. హెచ్‌ఎస్‌ఎస్ వేడిని బాగా ఓర్చుకుంటుంది, అయినా చెయ్యి కాలేంత అయినప్పుడు నీళ్లలో ముంచుతూ మెల్లగా చేయండి. చివర్న నూనె రాయి మీద అంచు రుద్దితే కోతలో తేడా మీకే తెలుస్తుంది.

ఇలా చేసిన టూలు నిలబడాలంటే దాన్ని పట్టే హోల్డరు ముఖ్యం. 10 మిల్లీల చదరపు ఎంఎస్ కడ్డీకి పక్కన బ్లేడు మందమంత గాడి తీయించి, పైన పట్టీ పెట్టి రెండు అలెన్ స్క్రూలతో బిగించండి. టూల్ పోస్టులో రెండు రేకుల మధ్య ఇరికించి కోసేవాళ్లున్నారు, నేను సలహా ఇవ్వను.

ప్రశ్న: కూలెంట్‌గా ఏది వాడాలి? ఇంట్లో కొబ్బరి నూనె వాడుతున్నాను, పొగ వస్తోంది.
— పటమట, విజయవాడ

జవాబు: కొబ్బరి నూనె తలకి రాసుకోండి. ఎంఎస్‌కి హార్డ్‌వేర్ షాపులో దొరికే సోల్యూబుల్ కటింగ్ ఆయిల్ ఒక వంతు, నీళ్లు ఇరవై వంతులు కలపండి. నీళ్లలో నూనె పోయాలి, నూనెలో నీళ్లు కాదు, లేకపోతే విరిగిపోతుంది. పార్టింగ్‌లో పంపు అక్కర్లేదు, సన్నటి మూతి ఉన్న ప్లాస్టిక్ సీసాతో సందులోకి ఆగకుండా చుక్కలు వేస్తే సరిపోతుంది. అల్యూమినియంకి కిరోసిన్ చక్కగా పనిచేస్తుంది, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి. పోత ఇనుముకి ఏదీ వద్దు. ఎండాకాలం మన బెజవాడలో కలిపిన కూలెంట్ త్వరగా కుళ్లు వాసన కొడుతుంది. అందుకని కొంచెం కొంచెంగా కలుపుకోండి, పని అయ్యాక బెడ్ తుడిచి మిషన్ నూనె రాయండి.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ 304 రాడ్ మీద టూలు మధ్యలో జారుతోంది, కోయడం లేదు.
— కానూరు

జవాబు: మా వీధివారేనన్నమాట! మీరు మధ్యలో ఆగి ఉంటారు. 304 రాసుకున్న చోటే గట్టిపడుతుంది, అక్కడి నుంచి హెచ్‌ఎస్‌ఎస్ దిగదు. పదును పెట్టిన టూలు, ఎంఎస్ కంటే తక్కువ స్పీడు, ధారాళంగా కటింగ్ ఆయిల్, అన్నిటికంటే ముఖ్యంగా ఆగని ఫీడ్. ఇప్పటికే గట్టిపడిన సందుని వదిలేసి, రెండు మిల్లీలు పక్కన కొత్తగా మొదలుపెట్టండి.

ప్రశ్న: నా చిన్న లేత్ మీద 50 మిల్లీల ఈఎన్ 8 (మీడియం కార్బన్ స్టీలు) షాఫ్టు పార్టింగ్ చేయొచ్చా? హోల్డరు ఏది కొనాలి?
— తెనాలి

జవాబు: హోల్డరు కొనకండి. బ్లేడు 27 మిల్లీలు బయటికి ఉండాలి, కోసేది గట్టి ఈఎన్ 8. 40 కిలోల మిషన్ మీద అది పని కాదు, మొండితనం. తెనాలిలోనో గుంటూరు ఆటోనగర్‌లోనో పవర్ హాక్సా ఉన్న షాపుకి తీసుకెళ్లండి. కోతకి ఇంత అని తీసుకుంటారు. కావాల్సిన పొడవు కంటే మూడు మిల్లీలు ఎక్కువ కోయమనండి, బ్లేడు పక్కకి నడిచి వాలుగా తెగినా చోటుంటుంది. ఇంటికొచ్చి రెండు ముఖాలూ ఫేసింగ్ చేసుకోండి. అదే షాఫ్టులో చిన్న గాడి కావాలనుకుంటే మాత్రం మీ 2 మిల్లీల బ్లేడు హాయిగా తీస్తుంది, నాలుగు మిల్లీల లోతు దాకా.